సవరను కరిగించే ముందు

పెళ్లి ఖర్చు మీదకొచ్చినప్పుడో, అన్నదమ్ముల పంపకాలప్పుడో దేవుడి పెట్టెలోంచి పసుపు గుడ్డ మూట బయటికొస్తుంది. అందులో నాలుగైదు సవరన్లు (బ్రిటిష్ రాజు, రాణి బొమ్మల బంగారు నాణేలు), ఒక పెద్ద మొహరు, అడుగున ఎక్కడో మినపబద్దంత బంగారు తునకలు రెండు. ఇంట్లో వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. "కరిగించేసి గాజులు చేయించేద్దాం" అనేది ఒకటి. "అమ్మో, రాణీ బొమ్మది, లక్షలు పలుకుతుందట" అనేది రెండోది. నాణేన్ని సరిగ్గా చూసినవాళ్లు మాత్రం ఇద్దరిలోనూ ఉండరు.

చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, వ్యాసం, మందం కొలిచే ఒక వెర్నియర్ కాలిపర్, గ్లాసుడు నీళ్లు, బారెడు కుట్టుదారం. కొనాల్సినవి మూడే, అన్నీ కలిపి రెండు వేల లోపు. గీటురాయి మాత్రం ఇప్పుడే వద్దు. రాయి మీద ఒక్కసారి గీస్తే అంచు మీద పడే ఆ గీత మళ్లీ పోదు, మంచి నాణెం అయితే అక్కడే సగం ధర పోయినట్టు.

ముందు లోహం లెక్క

ఏ నాణెమైనా ముందు దాని బంగారం విలువ రూపాయలతో సహా తెలిసుండాలి. ఆ అంకె చేతిలో లేకుండా "ఎక్కువ వస్తుందా" అని అడగడంలో అర్థం లేదు. దేనికన్నా ఎక్కువ?

సవరను బరువు 7.988 గ్రాములు. 22 క్యారెట్లు, అంటే 91.67 టచ్ (నూటికి అంత మేలిమి). అందులో మేలిమి 7.322 గ్రాములు. కాసంటే ఎనిమిది గ్రాములని కొట్లో లెక్కేస్తారే, అది ఈ సవరను బరువే, దశాంశాలు సరిచేసి. అర సవరను సరిగ్గా సగం, 3.994 గ్రాములు. బ్రిటిష్ ఇండియా మొహరు 11.66 గ్రాములు, అంటే పాత తులం బరువు. అదీ 22 క్యారెట్లే, మేలిమి 10.69 గ్రాములు. 1918లో బొంబాయి టంకశాల కొట్టిన 15 రూపాయల బంగారు నాణెం అన్ని లెక్కల్లోనూ సవరనే. 1899 నుంచి మన దేశంలో సవరను 15 రూపాయల లెక్కన చెల్లేది కాబట్టి ఆ పేరు. విక్టోరియా కాలపు 10 రూపాయల బంగారు నాణెం వేరు. అది 7.776 గ్రాములు. చేతిలో సవరనులాగే ఉంటుంది కనుక కాటా మీద "బరువు తగ్గింది, అరిగిపోయింది" అనుకుని కరిగించే మూసలోకి తోసేసే ప్రమాదం దీనికే ఎక్కువ. అక్షరాలు చదివితే తెలిసిపోయే సంగతి, చదవకపోతే పోయే సంగతి.

లెక్క సులువు కోసం 24 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. సవరను 73,220. అర సవరను 36,610. మొహరు 1,06,900. మీరు వెళ్లే రోజు ధర పెట్టి మళ్లీ గుణించుకోండి. కొట్లో 22 క్యారెట్ల ధరతో లెక్క కడితే గుణించాల్సింది 7.988తో, 7.322తో కాదు. రెండుసార్లు టచ్ తీసేసే లెక్క ఒకటి నడుస్తూ ఉంటుంది: 22 క్యారెట్ల ధర వేసి, మళ్లీ "91.6 శాతమేనమ్మా" అని ఇంకోసారి కోస్తారు. సవరను మీద అలా కోస్తే ఆరు వేలు పోయినట్టే. నగలకు తీసే తరుగు కూడా దీనికి వర్తించకూడదు. నగలో అతుకులుంటాయి, టంకం ఉంటుంది, మట్టి ఉంటుంది. అతుకు లేని నాణెంలో ఏముంది తరగడానికి?

కాటా, గ్లాసు, దారం

సవరను తూచినప్పుడు 7.94 నుంచి 7.99 మధ్య రావాలి. అప్పటి ఇంగ్లీషు చట్టం 7.93787 గ్రాములకు తగ్గిన సవరన్ను చెల్లుబాటు నుంచి తప్పించేది. 7.90 వచ్చిందంటే బాగా అరిగిందన్నా అనుకోవాలి, ఎవరో అంచు ఆకురాయి పట్టారన్నా అనుకోవాలి. 8.05 దాటితే వెనక టంకం మిగిలి ఉంది, లేదా నాణెమే తేడా. వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52. ఇత్తడి నాణెం ఈ కొలతల్లో ఉంటే బరువు సగానికి పడిపోతుంది. బరువు సరిపెట్టాలంటే మందం రెట్టింపు కావాలి. కాబట్టి బరువు, వ్యాసం, మందం మూడూ ఒకేసారి కుదరడమే అసలు పరీక్ష.

ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే నీళ్ల పరీక్ష. కాటా మీద సగం నీళ్లున్న చిన్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకీ గోడకీ తగలకుండా వేలాడదీయండి. కాటా చూపించే అంకె నాణెం తోసేసిన నీటి బరువు. మంచి సవరనుకు 0.45 గ్రాము వస్తుంది. రాగి బదులు వెండి ఎక్కువ కలిసిన పాత సవరన్లకు 0.44 రావచ్చు. 0.52 వస్తే 18 క్యారెట్ల దగ్గర ఉన్నట్టు, 0.60 దాటితే 14. మొహరుకు 0.66 రావాలి. ఈ పరీక్ష చెడేది రెండుచోట్ల: నాణెం మీద గాలి బుడగ అంటుకుంటే అంకె పెరుగుతుంది, చెయ్యి వణికి నాణెం అడుగుకు తగిలితే ఒక్కసారిగా ఏడెనిమిది గ్రాములు చూపిస్తుంది. మోచేయి బల్ల మీద ఆనించి పట్టుకోండి. మూట అడుగున ఉండే చిన్న ఫణాలకు (పాత రాజుల కాలపు బుల్లి బంగారు నాణేలు) ఈ పద్ధతి పనికిరాదు. అర గ్రాము కూడా లేని తునక తోసేసే నీళ్లు 0.02 గ్రాము, అది కాటా పొరపాటులో కలిసిపోతుంది.

హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్‌రే యంత్రం మీద చూపిస్తే కొన్ని వందల్లో కాగితం ఇస్తారు. నాణేనికి గీత పడదు, అదొక మేలు. కానీ ఆ యంత్రం పైపొర మాత్రమే చదువుతుంది, మిల్లీమీటరులో వందో వంతు లోతు కూడా పూర్తిగా దిగదు. గట్టి పూత వేసిన నాణేనికి కూడా మంచి మార్కులే వస్తాయి. అందుకే యంత్రం కాగితం, నీళ్ల అంకె రెండూ కలిపి చూడాలి. ఒకటి మరొకటి చూడలేనిది చూస్తుంది.

బంగారం మంచిదే, నాణెం మాత్రం కాదు

ఇక్కడ చాలామంది పొరబడతారు. బరువు కుదిరింది, టచ్ కుదిరింది, కాబట్టి నాణెం అసలుదే అనుకుంటారు. కాసులపేర్ల కోసం కంసాలి పనివాళ్లే 22 క్యారెట్ల బంగారంతో అచ్చు కొట్టిన సవరన్లు ఊళ్లలో లెక్కలేనన్ని. దొంగ సరుకు అనడానికి లేదు, బంగారం పూర్తిగా ఉంటుంది. టంకశాలలో పుట్టలేదు, అంతే. వాటికి లోహం ధర తప్ప పైసా ఎక్కువ రాదు.

భూతద్దం కింద ఇలా చూడండి. సవరను బొమ్మ వైపు అంచు చుట్టూ సన్నని పళ్లుంటాయి. అసలుదాంట్లో ఆ పళ్లు ఒకే కొలతలో, విడివిడిగా, నీడ పడేంత పదునుగా ఉంటాయి. నకలులో అవి కరిగిన సబ్బులా ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. పోతపోసినదైతే చదునైన చోట సూది మొనంత గుంటలు కనిపిస్తాయి, పోతలో గాలి మిగిలిన చోట్లు అవి. వెనక గుర్రం మీద సెయింట్ జార్జి బొమ్మ చూడండి. శిరస్త్రాణం వెనక తోక, చేతిలో కత్తి పిడి, గుర్రం కళ్లెం, ఇవి నకళ్లలో ముందు చెడతాయి. తేదీ పక్కన చెక్కినవాడు పిస్ట్రుచి పేరు పొడి అక్షరాలు అతి చిన్నగా ఉండాలి. నకలు కొట్టినవాళ్లు వాటిని వదిలేయడమో, మసక చుక్కలుగా మార్చడమో చేస్తారు. నాణెం అంచు గాట్లు కూడా వేలి గోరుతో తడిమి చూడండి, చుట్టూ ఒకే ఎడంలో తగలాలి.

అసలుదే అని తేలాక ఏ ఏడు, ఎక్కడ కొట్టింది అన్నది. మన ఇళ్లలో ఉండేవి ఎక్కువగా ముసుగు వేసుకున్న ముసలి విక్టోరియా, గడ్డం ఎడ్వర్డు, ఐదో జార్జి. ఇవి కోట్ల సంఖ్యలో కొట్టినవి. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చిన కుటుంబాల్లో, బారువ, కళింగపట్నం రేవుల చుట్టుపక్కల ఊళ్లలో బయటపడేవి కూడా ఇవే రకం. టంకశాల అక్షరం తేదీకి కాస్త పైన, గుర్రం బొమ్మ కింది నేల గీత మధ్యలో ఉంటుంది. ఎమ్ అంటే మెల్‌బోర్న్, ఎస్ సిడ్నీ, పీ పెర్త్, ఐ అంటే బొంబాయి, సీ కెనడా, ఎస్‌ఏ దక్షిణాఫ్రికా. అక్షరం లేకపోతే లండన్. పడుచు విక్టోరియా నాణేలకు ఎమ్, ఎస్ అక్షరాలు రాణి మెడ కింద ఉంటాయి, వెనక డాలు గుర్తుంటే డాలు కింద ఉంటాయి. డాలు కింద అక్షరం కాక చిన్న అంకె ఉంటే భయపడొద్దు, 1863 నుంచి 1874 దాకా లండన్ వాళ్లు అచ్చు నంబరు అలా వేసేవారు.

పక్కన పెట్టాల్సినవి కొన్నే. వెనక డాలు గుర్తున్న పడుచు విక్టోరియాలు అరగకుండా ఉంటే చూపించదగ్గవి. 1855 నుంచి 1870 దాకా సిడ్నీ సొంతంగా కొట్టిన నాణేల వెనక 'ఆస్ట్రేలియా' అని అడ్డంగా రాసి ఉంటుంది, అరిగినా సేకర్తలు అడుగుతారు. 1841 సవరను, 1879లో లండన్ కొట్టిన సెయింట్ జార్జి, అక్షరం లేని 1917, సిడ్నీ 1920, కెనడా 1908, ఇవి కనిపిస్తే నోరు మూసుకుని తెలిసినవాడి దగ్గరికి వెళ్లాల్సిన సంగతులు. వీటికే నకళ్లు కూడా ఎక్కువన్నది మరిచిపోవద్దు. అక్షరం గీకేసి 1917ను లండన్‌దిగా చూపించవచ్చు, నేల గీత మధ్యలో గీకిన మచ్చ భూతద్దంలో దొరుకుతుంది.

1918 బొంబాయి సవరను గురించి ఒక్క మాట. "ఒక్క ఏడాదే కొట్టారు, మన దేశంలో కొట్టారు, కాబట్టి అరుదు" అంటారు. మొదటి రెండూ నిజమే. కానీ ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు 13 లక్షలు కొట్టారు. ఇష్టపడి కొనేవాళ్లున్నారు, కొద్దిగా ఎక్కువ ఇస్తారు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. దాంతోపాటే పుట్టిన 15 రూపాయల నాణెం అతుకు లేకుండా ఉంటే దానికి ఇంకాస్త మెరుగు గిరాకీ.

కొండి

మన వైపు నాణేలకు పట్టిన అసలు తెగులు ఇదే. సవరను దొరికితే కొండి అతికించి మెడలో వేయడం, కాసులపేరులో కూర్చడం. తర్వాత తరం కొండి పీకేసి, ఆకురాయి పట్టి, మెరుగు పెట్టి "నాణెం" చేస్తుంది. నాణేన్ని వేళ్ల మధ్య పెట్టి అంచు తిప్పుతూ దీపం వెలుతురులో చూడండి. పన్నెండు గంటల చోట రెండు మూడు గాట్లు చదునైపోయి, బంగారం రంగు కాస్త తెల్లగానో ఎర్రగానో తేలితే అది టంకం. అతికేటప్పుడు మంట తగిలిన చోట అక్షరాల పదును మెత్తబడి ఉంటుంది. ఈ మచ్చ ఉంటే మామూలు ఏడు నాణేనికి నాణెం విలువ అక్కడితో సరి. అరుదైన ఏడుకు మాత్రం మచ్చతో కూడా లోహం ధర పైన వస్తుంది, మచ్చ లేనిదానికి వచ్చే దాంట్లో చిన్న వంతు.

అరుగుదల చూడాల్సినవి ఎత్తైన చోట్లు: ఐదో జార్జికి చెవి, బుగ్గ, మీసం, ఎడ్వర్డుకు కనుబొమ్మ, గడ్డం, వెనక వైపు జార్జి తొడ, గుర్రం రొమ్ము. అక్కడ జుట్టు గీతలు విడివిడిగా కనిపిస్తే మంచి స్థితి, నున్నటి బుగ్గలా తేలితే అరిగినది.

తోమడం గురించి చెప్పక తప్పదు. శ్రావణ శుక్రవారం పూజకు నాణేలు కడిగే అలవాటు ఉన్న ఇళ్లలో చింతపండు, విభూతి, పళ్లపొడి అన్నీ పడి ఉంటాయి వాటి మీద. ఏటవాలు వెలుతురులో ఒకే దిక్కున సన్నని గీతలు వెంట్రుకల్లా మెరిస్తే అది తోమిన నాణెం. పసుపు, కుంకుమ పొడి అంటుకుని ఉంటే శుభ్రమైన నీళ్లలో ఒక రాత్రి నాననిచ్చి, మెత్తని నూలు గుడ్డ మీద పెట్టి అద్దండి. రుద్దొద్దు. పోనిది ఉంటే ఉండనివ్వండి, కొనేవాడికి మురికి అభ్యంతరం కాదు, గీత అభ్యంతరం.

అమ్మే దారి ఖర్చు

మామూలు ఏడు సవరను, అతుకు లేదు, మంచి స్థితి. సేకర్త ఒకరు లోహం మీద 5 శాతం ఎక్కువ ఇస్తానన్నాడు. మన అనుకున్న ధరలో 76,881. చేతికి చెయ్యిగా అమ్మితే మూడున్నర వేలు లాభం, అమ్మేయండి. అదే నాణెం వేలంలో పెట్టి, పదో వంతు కమిషను, పంపించడానికి రెండు వేలు ఖర్చు అనుకుంటే చేతికొచ్చేది 67,193. కరిగించినదానికన్నా ఆరు వేలు తక్కువ. ఆ ఖర్చులన్నీ పోను లోహం ధర తిరిగి రావాలంటేనే వేలంలో నాణెం 83,600 దాకా పోవాలి, అంటే లోహం మీద 14 శాతం. అంత రాదని అనిపిస్తే వేలం జోలికి వెళ్లొద్దు. నాణేల స్థితికి అంకె వేసి డబ్బాలో పెట్టి ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థల చేత గ్రేడు వేయించడం కూడా ఇదే లెక్క. రుసుము, రానుపోను ఖర్చు నాణేనికి కొన్ని వేలు. అతుకు మచ్చ ఉన్న నాణేనికి వాళ్లు అంకె ఇవ్వరు, "మచ్చ ఉంది" అని రాసి పంపిస్తారు. డబ్బులిచ్చి ఆ మాట రాయించుకోవడం ఎందుకు?

మొహర్ల లెక్క వేరు. 1841 ఈస్టిండియా కంపెనీ మొహరు వెనక సింహం, తాటిచెట్టు ఉంటాయి. 1862 మొహరు మీద విక్టోరియా 'క్వీన్', 1877 నుంచి 'ఎంప్రెస్'. ఇవి సవరన్లలా కోట్లలో లేవు, అసలుదైతే అరిగినా లోహం మీద బాగా పైనే ఉంటుంది. అంతే జోరుగా నకళ్లూ ఉన్నాయి. మొహరును తెలిసినవాడు చేత్తో పట్టుకుని చూడకుండా కరిగించకూడదు, కొనకూడదు కూడా.

మూట అడుగున తునకలు

సవరన్ల మీద ఇంటిల్లిపాదీ వాదించుకుంటుండగా ఎవరూ పట్టించుకోనివి ఇవి. నాణెం విలువ లోహం విలువను మించేది ఎక్కువగా ఇక్కడే. పెద్ద సవరన్లో బంగారం ఎక్కువ, కథ తక్కువ. 0.4 గ్రాముకు అటూ ఇటూ తూగే ఫణంలో బంగారం మూడు నాలుగు వేలది. కంసాలి ఊడ్చిన పొట్టుతో కలిపి మూసలో వేసేది కూడా దాన్నే.

వేలి మీద పెట్టుకుని భూతద్దంలో చూస్తే, చిటికెన వేలి గోరు కన్నా చిన్న గుండ్రం. ఒకవైపు మోపురం ఎత్తుగా కూర్చున్న నంది, చుట్టూ చిన్న చిన్న గుర్తులు. రెండోవైపు అంకుశం, పక్కన 'స' అనే అక్షరం, దాని దగ్గర పాత తెలుగు-కన్నడ అంకెలు. అది తూర్పు గంగరాజుల ఫణం. వాళ్లు కళింగనగరం నుంచి ఏలారు, అదే ఇప్పటి వంశధార ఒడ్డున శ్రీముఖలింగం. 'స' అంటే సంవత్సరం, అంకె రాజు ఏలుబడి ఏడు. రాజు పేరు ఉండదు, అందుకే ఫణం చూపించి "ఇది చోడగంగుడిదే" అని గట్టిగా చెప్పేవాడి మాట పూర్తిగా నమ్మొద్దు. పైగా గంగరాజుల అంక లెక్కలో (ఏలుబడి ఏళ్లను లెక్కపెట్టే వాళ్ల పద్ధతి) 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. ఆ లెక్కన 17వ అంకం అంటే పద్నాలుగో ఏడు.

ఫణాల టచ్ కాలాన్ని బట్టి మారుతుంది, అంచు గరుకుగా, బొమ్మ సగమే పడి ఉండటం మామూలు, అది లోపం కాదు. నంది మొత్తం, అంకె స్పష్టంగా పడ్డది మంచి ధర తెస్తుంది. వంగి ఉంటే సరిచేయాలని పళ్ల మధ్య పెట్టొద్దు, పలచని ఫణం టప్పున విరుగుతుంది.

3.4 గ్రాములు తూగి, వెనక నాగరి లిపిలో మూడు వరసల రాత ఉంటే విజయనగర రాజుల వరహా. సగం బరువుది అర వరహా. కృష్ణరాయల పేరున్నవాటికి గిరాకీ, వాటికే నకళ్లు కూడా. చుక్కల మధ్య ఐదు కోణాల నక్షత్రం ఉంటే మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొట్టిన నక్షత్ర వరహా. 1818లో వరహాలు పక్కకు తప్పించి రూపాయి తెచ్చినప్పుడు ఒక వరహాకు మూడున్నర రూపాయలు కట్టారు. మూడున్నర గ్రాముల పలచని నాణెం మీద ఒక సాధువు ముందు మోకరిల్లిన మనిషి ఉంటే వెనిస్ డుకాట్. అసలుది దాదాపు మేలిమి, కానీ నగల కోసం ఇక్కడే కొట్టిన నకళ్ల మీద లాటిన్ అక్షరాలు పిచ్చిగీతల్లా ఉంటాయి.

రామమాడల గురించి మాత్రం ఆశలు వద్దు. రామ పట్టాభిషేకం బొమ్మ, వెనక విల్లు పట్టుకున్న అన్నదమ్ములు. ఇవి ఏ రాజూ చెలామణీకి కొట్టిన నాణేలు కావు, పూజ బిళ్లలు. నిజంగా పాత బంగారు బిళ్ల అయితే సరే, ఎక్కువ భాగం పూత వేసిన ఇత్తడి. ఇక 1818 అని రాసి ఆంజనేయుడి బొమ్మ ఉన్న 'ఈస్టిండియా కంపెనీ అణా' కోట్లు పలుకుతుందని తిరిగేవాళ్లను, బియ్యాన్ని లాగే నాణెం అడిగేవాళ్లను గుమ్మం దగ్గరే సాగనంపండి. కంపెనీ అలాంటి అణా ఎప్పుడూ కొట్టలేదు.

చట్టం, పన్ను, మోసం

పెట్టెలో దొరికినది వేరు, మట్టిలో దొరికినది వేరు. చెరువు పూడిక తీస్తుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికినవి 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కిందికి వస్తాయి. విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు రాసి తెలియజేయాలి. దాచి అమ్ముకుంటే దొరికినవాడి వాటా పోతుంది, కేసు వస్తుంది. ఆ చట్టంలో ఒక సరదా లెక్కుంది: ప్రభుత్వం ఆ నిధిని తీసుకోదలిస్తే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి చెల్లించాలి. పాత నాణెం కరిగించిన ధర కన్నా 20 శాతం ఎక్కువదని 1878లోనే సర్కారు ఒప్పుకుందన్నమాట.

వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువులే. ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశంలో అమ్ముకోవచ్చు. విదేశానికి పంపకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయి "నాన్నా, ఇక్కడ ఎక్కువ ధరుంది, పోస్టులో పెట్టేయండి" అంటే వినకండి. పురావస్తువుల వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, అడగడంలో మొహమాటం వద్దు.

తాతల నాటి నాణెం అమ్మితే వచ్చే లాభం దీర్ఘకాల మూలధన లాభం, 2024 జూలై 23 నుంచి జరిగే అమ్మకాలకు 12.5 శాతం, సెస్సు అదనం. 2001కి ముందు ఇంట్లో ఉన్నదానికి 2001 ఏప్రిల్ 1 నాటి ధరను కొన్న ధరగా చూపించుకోవచ్చు. ఒకే వ్యవహారంలో రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు.

ఫోన్లో "మీ నాణెం ఫోటో పంపండి, కోటి రూపాయలు, ముందు పన్ను కట్టండి" అనేవాళ్లు రిజర్వు బ్యాంకు పేరు వాడతారు. పాత నాణేల అమ్మకాల్లో తమకు ఏ సంబంధమూ లేదని, రుసుము, కమిషను అడగమని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. నిజంగా కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

అన్నీ చూశాక కరిగించడమే అని తేలితే

మామూలు ఏడు నాణేనికి లోహం మీద ఎక్కువ ఇచ్చేవాడు దొరకకపోయినా, దాని మీద అతుకు మచ్చ ఉన్నా, కంసాలి నకలు అయినా వెనకాడకుండా కరిగించుకోండి. కానీ ముందు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. వేరువేరు నాణేలు ఒకే మూసలో వేయించొద్దు. ఒకటి టచ్ తక్కువదైతే మొత్తం ముద్ద టచ్ పడిపోతుంది. కొండి ఇంకా ఉంటే దాన్ని కత్తిరించి విడిగా తూయించండి. టంకం టచ్ తక్కువ, నాణెంతో కలిసి కరిగితే 91.6 కిందికి దిగుతుంది, అలా దిగగానే కొన్ని కొట్లు ముద్ద మొత్తానికీ తక్కువ ధర కడతాయి. మంటకు ముందు బరువు, తర్వాత బరువు మీ ఎదురుగానే రాయించండి. సవరను కరిగితే మూసకు అంటుకుని పోయేది గ్రాములో ఒకటి రెండు వందో వంతులు. "అర గ్రాము ఎగిరిపోయింది బాబూ" అంటే అది ఎగరలేదు, మూస అడుగునే ఉంది. తిప్పి చూపించమనండి.